చెన్నమ్మ నీళ్లు

తన ఫోన్‌లో బాగానే నడుస్తోందని వసంతకుమార్ చెప్పడం ఆ ఉదయం అది ఎన్నోసారో అతనికే గుర్తులేదు. అబద్ధమేమీ కాదు. అతని ఫోన్‌లో యాప్ బంగారంలా నడుస్తోంది. చిక్కల్లా ఆ కాలువ కింద భూములున్న మిగతా రైతులెవరి చేతిలోనూ అతని ఫోన్ లేకపోవడమే. వాళ్ల ఫోన్లలో నొక్కగానే తెల్లటి తెర ఒకటి వస్తుంది, కాసేపు ఆలోచించినట్టు నిలబడుతుంది, ఆ తర్వాత రావద్దనుకున్న చుట్టం వీధి మలుపులో కనిపిస్తే తలుపేసుకున్నట్టు చటుక్కున మూసుకుంటుంది. పాల సొసైటీ షెడ్డులో చేరినవాళ్లంతా తలా ఒకసారి నొక్కి చూశారు. కొందరు పక్కవాడి ఫోన్ కూడా లాక్కుని నొక్కారు. ఎవరిది నొక్కినా అదే మర్యాద జరిగింది.

నీటి సంఘం తలైవర్, అంటే అధ్యక్షుడు, దొరైసామి మాత్రం నొక్కలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నవ్వును మీసాల చాటున పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వసంత్‌కు మేనత్త మొగుడు, అంటే మామ. మామ గనక మేనల్లుణ్ణి నలుగురిలో తిట్టకూడదు. తిట్టకుండానే పని జరిగిపోతుంటే ఎవరు మాత్రం నోరు నొప్పించుకుంటారు? శుక్రవారం కాలువకు నీళ్లు వదులుతున్నారనీ, ఆ పొద్దుకు అందరి ఫోన్లలోనూ ఇది నిలబడితే దీని మాట ప్రకారమే పంచుకుందామనీ, నిలబడకపోతే ఎప్పటిలా పెద్దలు చెప్పినట్టు నడుచుకుందామనీ తీర్పు చెప్పి లేచాడు. పెద్దలంటే ఎవరని ఎవరూ అడగలేదు. లేచినవాడే పెద్ద.

తమిళనాడులో ఉడుమలైపేటకు బస్సులో అరగంట దూరంలో ఉన్న ఆ ఊరికి కాలువ నీళ్లు విడతలుగా వస్తాయి. వదిలింది మొదలు కొద్ది రోజులే; తర్వాత పైన తూము మూసేస్తారు. ఆ లోపల తలమడ నుంచి కడమడ దాకా, అంటే కాలువ మొదటి పొలం నుంచి చివరి పొలం దాకా, అందరూ వంతులవారీగా పెట్టుకోవాలి. మాటకు అంతే. నేల మీద మాత్రం తలమడ వాళ్లకు నీళ్లు, కడమడ వాళ్లకు ఓదార్పు. వసంత్ వాళ్ల అవ్వ రామక్కాళ్ కొబ్బరి తోట కడమడలోనూ కడపటిది. గడిచిన రెండు విడతల్లో దానికి చుక్క నీరు అందలేదు. మట్టలు వేలబడ్డాయి, పిందెలు రాలిపోతున్నాయి, నిలిచిన కాయ పిడికిట్లో పట్టేలా ఉంది. ఈ విడత కూడా తప్పిపోతే చెట్లు కొట్టించుకోవడమేనని చూసినవాళ్లంతా చెబుతున్నారు. అవి రామక్కాళ్ కాపురానికి వచ్చిన ఏడు తన చేత్తో నాటిన చెట్లు. వాటిలో కొన్నింటికి ఆమె పేర్లు కూడా పెట్టుకుందనీ, ఆ పేర్లు ఎవరికీ చెప్పదనీ ఇంట్లో ఒక వేళాకోళం ఉంది.

యాప్ పుట్టింది ఆ తోట కోసమే. వసంత్ కోయంబత్తూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసి, తండ్రి పోయాక ఊళ్లోనే ఉండి చిన్నాచితకా సాఫ్ట్‌వేర్ పనులు చేసి కంపెనీలకు పంపిస్తున్నాడు. ఎవరి భూమి ఎంతో ఆ లెక్కన ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పి, వేళకు అందరి ఫోన్లూ మోగించే యాప్ ఒకటి తయారుచేశాడు. చెప్పేది మనిషి కాకపోతే మొహమాటాలుండవని అతని ఆలోచన. దానికి పేరు అరవంలో పెట్టాడు, లోపలి అక్షరాలూ అరవమే. పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుల్లో కూడా తెలుగు అక్షరం చదవగలిగినవాడు ఒక్కడూ లేడు, యాప్ చేసిన మహానుభావుడితో సహా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ యాప్‌లు చేసేవాళ్లు ఒకే వంటను రెండు రకాలుగా దించుతారు. తాము రుచి చూసుకోవడానికి దించుకునేది డీబగ్ బిల్డ్. అడిగినవీ అడగనివీ అన్నీ చెబుతూ ఓపిగ్గా నడుస్తుంది. ఊరికి వడ్డించేది రిలీజ్ బిల్డ్. దాన్ని కట్టేటప్పుడు, పరీక్ష కోసం రాసుకున్న కోడ్ వరుసలన్నింటినీ యంత్రమే ఏరి పారేసి, మిగిలినదాన్ని కుదించి మూట కడుతుంది. వసంత్ చేసిన యాప్ ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిమంతుడు. వీధిలో కాలు పెడితే చాలు, మూర్ఛ.

అతను మొదట ఫోన్లను తిట్టాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. చవక ఫోన్లండీ అన్నాడు; దొరైసామి చేతిలోని ఖరీదైన ఫోన్‌లో వేసి చూస్తే అందులోనూ పడింది. సిగ్నల్ లేదన్నాడు, టవర్ కిందికి తీసుకెళ్లి నొక్కితే టవర్ సాక్షిగా పడింది. కుదించే యంత్రాన్ని అనుమానించి, కుదించవద్దని చెప్పి కట్టాడు. కుదించకుండా కూడా పడింది. అనుమతులు మార్చాడు, తాళాలు మార్చాడు. ఇక దారిలేక రిలీజ్ బిల్డ్‌ను తన ఫోన్‌లోనే వేసుకున్నాడు. బంగారంలాంటి ఆ ఫోన్‌లోనూ పడిపోయింది. తన ఫోన్‌లో బాగుందని చెప్పుకునే భాగ్యం కూడా దాంతో పోయింది.

ఇలా కూలేటప్పుడు యాప్ ఒక మరణ వాంగ్మూలం ఇచ్చి పోతుంది. అందులో ఉన్నది ఒకటే మాట: వంతుల పట్టీలో మొదటి పేరు అడిగాను, పట్టీ ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉంటుంది? అందరి పేర్లూ తన చేత్తో ఎక్కించినవే కదా? సంగతేమిటో చూద్దామని డీబగ్ బిల్డ్ తెరిస్తే, పట్టీ నిండుగా, పచ్చగా, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయే రోగికి మందేమని ఇస్తారు? కోయంబత్తూరులో పాత స్నేహితుడు నందకుమార్‌కు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాడు. అతను అంతా విని, అంత బాగుంటే ఆ డీబగ్ బిల్డే ఊరికి పంచేయరాదా అన్నాడు. వసంత్‌కు ఒళ్లు మండిపోయింది. అది మాత్రం కుదరదన్నాడు. ఎందుకు కుదరదో స్నేహితుడికి చెప్పుకోలేకపోయాడు.

ఎందుకంటే డీబగ్ బిల్డ్‌లో చెన్నమ్మ ఉంది.

చెన్నమ్మ వాళ్ల ఇంటి దేవర. తలమడ దగ్గర దొరైసామి తోట గట్టును ఆనుకుని చిన్న మడి, అందులో పసుపు పూసిన రాయి. కాలువకు ఎప్పుడు నీళ్లు వదిలినా మొదటి నీళ్లు ఆ మడికి పోవాలి. తాతల నాటి కట్టడి అది. ఆ కాలువ కింద ఏ ఇంట ఏ మాట మాట్లాడేవాళ్లైనా దానికి తలవంచుతారు. అందుకే వసంత్ వంతుల కోసం వివరాలు అడగబోతే అవ్వ తన తోట సంగతి చెప్పనంది. ముందు అమ్మ పేరు ఎక్కాలి, ఆ తర్వాతే తనది. పేరు ఎక్కిస్తే సరిపోదు, అందరి భూమీ కొలుస్తున్నావు కదా, అమ్మ మడి కూడా కొలిచి రమ్మంది. ముసలమ్మ ముచ్చట అనుకుని నవ్వుకుంటూ వెళ్లి కొలిచాడు. సెంటు కూడా లేదు. యాప్ లెక్కన దానికి నిమిషం నీళ్లు కూడా రావు. దేవత కదాని ఐదు నిమిషాలు వేశాడు.

వేశాక సిగ్గేసింది. రైతులకు కంప్యూటర్ లెక్క నేర్పుతానని బయల్దేరినవాడి పట్టీలో మొట్టమొదటి రైతు పసుపు పూసిన రాయా? పాత కంపెనీవాళ్లు చూస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వరూ? సరిగ్గా అదే వేళకు మామ కూడా పక్కకు పిలిచి ఒక మాట చెవిన వేశాడు. అమ్మ నీళ్లు అమ్మకూ మనకూ మధ్య సంగతి, దాన్ని మిషన్‌లో పెట్టి లెక్కపెడితే బాగుండదు, నీ లెక్క మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టుకో అన్నాడు. తనకు కావలసిందీ అదే గనక వసంత్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. చెన్నమ్మ వరుసను పరీక్ష వరుసల్లో కలిపి, డీబగ్ బిల్డ్‌లో మాత్రమే నడిచేలా రాశాడు. తన లాప్‌టాప్‌లో అవ్వకు చూపిస్తే పొద్దు పొడుపుతో పాటు అమ్మ పేరు మొదట వస్తుంది, అవ్వ చేతులెత్తి మొక్కుతుంది. ఊరికి ఇచ్చేదాంట్లో ఆ వరుస ఉండదు, వంతులు మధ్యాహ్నం మొదలవుతాయి. ఇంట్లో భక్తి, వీధిలో సైన్సు. ఇటు అవ్వనూ అటు మామనూ ఒక్క దెబ్బకు మెప్పించానని మురిసిపోయాడు.

గురువారం మధ్యాహ్నానికి ఆ మురిపెం ఏమీ మిగల్లేదు. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి, లాప్‌టాప్ ముందు కూలబడి ఉన్నాడు. భార్య కళైవాణి ఉడుమలైపేటలో ఒక బళ్లో తమిళం చెబుతుంది. మొగుడు ఆ లాప్‌టాప్‌ను తీసుకెళ్లి ఎండిన కాలువలో పారేస్తాడేమోనని ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో కాపలా ఉంది. అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చి అతని పక్కన పెట్టి, కింద చతికిలబడి, తన ఫోన్ అతని ముందుకు జరిపింది. అతను వారంగా రోజూ వింటున్న ప్రశ్నే మళ్లీ వేసింది.

"నీ పెట్టెలో అమ్మ ఉండాది. నా ఫోన్లో ఏల లే సామీ?"

ఇన్నాళ్లూ రేపు చూపిస్తానని దాటేస్తూ వచ్చాడు. ఆ రోజు దాటేయడానికి కూడా ఓపిక లేకపోయింది. తల ఎత్తకుండానే నిజం చెప్పేశాడు.

"ఊరోళ్లకిచ్చేదాంట్లో ఆ వరస ఉండదవ్వా. అది మనకు మట్టుకే."

అని, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ వరుస ఉండదు. అమ్మ పేరు చూపించడానికి ఆ వరుస పట్టీలోంచి మొదటి పేరు తీస్తుంది. తీయాలంటే ముందు పట్టీ తెరవాలి. తెరిచేది ఆ వరుసే. దాని తర్వాత రాసినవన్నీ పట్టీ ఎలాగూ తెరిచే ఉందన్న ధీమాతో రాసినవి. ఇంట్లో ఉన్నంతసేపూ చెన్నమ్మ ముందొచ్చి తలుపు తీస్తోంది, మిగతావాళ్లు దర్జాగా వెనకాల వస్తున్నారు. ఊరికి పంపేటప్పుడు యంత్రం చెన్నమ్మను ఏరి పారేస్తోంది. తాళం చెవి ఆమె కొంగునే ఉండిపోతోంది. వెనకొచ్చినవాళ్లు మూసిన తలుపుకు తలలు పగలగొట్టుకుంటున్నారు. అంతకుమించి అందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ప్రపంచంలో ఏ ప్రోగ్రామరూ తలుపు తాళాన్ని దేవత కొంగుకు ముడివేయడు. దేవతను పెట్టాలనీ, పెట్టిన దేవతను దాచాలనీ ఒకేసారి అనిపించినవాడే ఆ పని చేస్తాడు.

కళైవాణికి వివరంగా చెప్పాడు. ఆమె అంతా విని, అవ్వ వారంగా అడుగుతున్న ప్రశ్నకు మొదటి రోజే జవాబు చెప్పి ఉంటే ఈ గడ్డం పెరిగేది కాదు కదా అంది. అవ్వకు పట్టీలూ తాళాలూ పట్టలేదు. ఆమెకు కావలసిన ముక్క ఆమె ఏరుకుంది.

"అంటే ఊరోళ్ల దాంట్లో అమ్మను తీసేసినావు" అంది. అతను తల దించుకున్నాడు. సిగ్గు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చెన్నమ్మను పట్టీలో ఎక్కించినప్పుడు పడ్డది సిగ్గే కాదు. అవ్వ అతని కోసం తెచ్చిన మజ్జిగ తనే తాగేసింది.

సరిచేయడం ఎంతసేపు? పట్టీ తెరిచే పనిని అమ్మ పేరు నుంచి విడదీసి, అన్నింటికంటే ముందు వేరే వరుసగా రాశాడు. రిలీజ్ బిల్డ్ కట్టి అవ్వ ఫోన్‌లో వేసి నొక్కాడు. తెల్లటి తెర వచ్చింది. పోలేదు. వంతుల పట్టీ తీరుబడిగా పరుచుకుంది. వసంత్ కుర్చీలోంచి లేచి గది నిండా తిరిగాడు. కళైవాణి ఫోన్ అందుకుని అవ్వకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం దొరైసామి. ఆ తర్వాత ఒక్కొక్క పేరే, ఒక్కొక్క వేళే. చదువుతూ చదువుతూ పట్టీ అడుగుకు వచ్చి ఆగింది. మళ్లీ చదువుకుని మొగుడి మొహంలోకి చూసింది. కడపటి పేరు రామక్కాళ్. పేరు పక్కన వేళ లేదు. ఈ విడతలో నీళ్లు లేవని ఉంది.

వసంత్ లాప్‌టాప్‌లో చూశాడు. అక్కడ అవ్వ వంతు చివరి రోజు మధ్యాహ్నం నుంచి తూము మూసే దాకా ఉంది. ఇన్నాళ్లూ అతను చూస్తూ వచ్చింది ఈ పట్టీనే. ఊరికిచ్చేది ఎప్పుడూ తెరుచుకోలేదు గనక దాంట్లో ఏముందో ఎవరు చూడబోయారు? ఇంటి పట్టీ పొద్దు పొడుపున అమ్మ ఐదు నిమిషాలతో మొదలవుతుంది. ఊరి పట్టీ మామ కోరినట్టు మధ్యాహ్నం మొదలవుతుంది. తలమడలో పోయిన ఆ పూట అందరినీ ఒక పూట వెనక్కి నెట్టుకుంటూ వెళ్లి, కడమడలో అవ్వను మూసిన తూము అవతల పడేసింది.

మరి పొద్దు పొడుపు నుంచి మధ్యాహ్నం దాకా ఆ నీళ్లు తాగుతున్నదెవరు? సెంటు మడి పూటంతా తాగుతుందా? ఆ మడి నిండి, గట్టు పొర్లి, పక్కనున్న తోటలోకి పోతుంది. పక్కనున్న తోట ఎవరిది? వసంత్ పిల్లవాడిగా ఉన్నప్పుడు చెన్నమ్మ నీళ్లంటే కర్పూరం ఆరేంతసేపు. అతను కోయంబత్తూరులో ఉన్న ఏళ్లలో అమ్మ దప్పిక ఏటికేడూ పెరుగుతూ వచ్చిందన్నమాట. ఊరందరికీ తెలుసు. దేవత తాగే నీళ్లకు లెక్క అడిగితే కళ్లు పోతాయని కొందరు నోరు మెదపలేదు, దొరైసామిని అడిగితే ఇంకేమేం పోతాయోనని మిగతావాళ్లు మెదపలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇవ్వకపోవడమేమిటి, దేవత పేరు చెప్పి వరం మొత్తం గటగటా తాగేశాడు పెద్దమనిషి. దానికి కంప్యూటర్ ముద్ర వేసి ఇచ్చింది మేనల్లుడు.

వసంత్ చొక్కా తగిలించుకుని బయల్దేరాడు, మామ ఇంటికి వెళ్లి మొహం మీదే అడిగేస్తానని. అవ్వ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్లు తీయలేదు.

"ఆ ఇంట్లో నీ అత్త ఉండాది" అంది. అంతే. అతని మేనత్త అంటే ఆమె కూతురు. కూతురినిచ్చిన ఇంటి మీదికి పుట్టింటివాళ్లు నీళ్ల తగువు తీసుకెళ్తే, ఆ తగువు రోజూ అన్నంతో పాటు ఎవరి కంచంలో పడుతుందో అతనికి చెప్పనక్కర్లేదు. చొక్కా విప్పేశాడు. అప్పుడు అవ్వ నెమ్మదిగా చెప్పింది.

"అమ్మను మొదుట పెట్టు సామీ. పొద్దు పుట్టినప్పుడే పెట్టు. నీవు కొలిచినావే, అంతే పెట్టు."

కొలిచినంతే అన్న మాట దగ్గర అతను ఆమె వైపు చూశాడు. ఆమె చెంబు కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయింది. అతను కూర్చుని, చెన్నమ్మను ఊరికిచ్చే బిల్డ్‌లోకి తెచ్చాడు. మధ్యాహ్నం మొదలు పెట్టే వరుసను తుడిచేశాడు. సాయంత్రానికల్లా కొత్త యాప్ అందరి ఫోన్లకూ వెళ్లింది. వెళ్లిందే గానీ అతనికి గుండె నిలవలేదు. మామ ఒక్కసారి కాదంటే సంఘమంతా తలూపుతుంది. పెద్దలు చెప్పినట్టే పంపకం జరుగుతుంది. తోట కట్టెల అడితికి పోతుంది.

శుక్రవారం తెల్లవారగానే అవ్వ పాలు పోయడానికి సొసైటీకి వెళ్లింది. వెళ్లి ఊరికే రాలేదు. అమ్మ పేరు తీసేసినందుకే తన మనవడి మిషన్ అన్నిసార్లు పడిందనీ, నిన్న అమ్మను మొదట పెట్టాక నిలబడిందనీ పాల క్యానుల దగ్గర నలుగురికి చెప్పింది. నలుగురికి చెబితే చాలదా? తలమడ దగ్గర జనం చేరేసరికి ఆ కథ వాళ్లకంటే ముందే వచ్చి కూర్చుంది. వసంత్ తల పట్టుకున్నాడు. పట్టీ సంగతి, తాళం సంగతి విడమరచి చెప్పి ఈ మూఢనమ్మకాన్ని అక్కడికక్కడే తుంచేయాలని ముందుకు వెళ్లబోతే కళైవాణి అతని మోచేయి గిల్లింది. ఆమె గిల్లుడులో వ్యాకరణమంతా ఉంటుంది. నోరు మూసుకున్నాడు.

దొరైసామి టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, షట్టర్ చక్రం తిప్పాడు. నీళ్లు ఎర్రగా, చెత్తను ముందు తోసుకుంటూ వచ్చి చెన్నమ్మ మడిలోకి మళ్లాయి. అందరూ మొక్కారు. ఆయన చేతులు తుడుచుకుని జనం వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. అమ్మను కాదంటే మిషన్లయినా నిలబడవని ఇవాళ ఊరికి రుజువైంది కదా, ఇక పాత కట్టడిని తప్పు పట్టేదెవరు? మేనల్లుడి నోటితోనే చెప్పిస్తే ఇంకా ముద్దుగా ఉంటుందనుకున్నాడు.

"ఏం మాప్ళే, అమ్మ వరస తీసినందుకే మిషన్ పడిందంటా ఉండారు. నిజమేనా?"

వసంత్ నాలుక మీద ఇంగ్లీషు మాటలు బారులు తీరాయి. అన్నీ మింగేశాడు. మింగాక మిగిలింది చూసుకుంటే, అది పచ్చి నిజం.

"నిజమేంగ మామా. ఆ వరస తీసినందుకే పడింది. ఇప్పుడు పెట్టినాను."

జనంలో ఒక నిట్టూర్పు లాంటిది పోయింది. దొరైసామి జేబులోంచి ఫోన్ తీసి, నలుగురికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని తనే నొక్కాడు. తెరుచుకుంది. మొట్టమొదట చెన్నమ్మ, పక్కన కుంకుమ బొట్టు. మిగతావాళ్లూ నొక్కారు. పడిపోయిన ఫోన్ ఒక్కటీ లేదు. కొందరు ఫోన్‌కే దండం పెట్టారు. ఆయన మేనల్లుడి భుజం తట్టి, ఇక దీని మాటే సంఘం మాట అని అందరి ముందూ ప్రకటించేశాడు. బొట్టు చూశాడే గానీ బొట్టు పక్కన వేళ చూడలేదు.

అంతలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. చెన్నమ్మ నీళ్లు ముగిశాయి, తర్వాతి వంతు దొరైసామిది. గట్టు మీదా, కాలువ పక్కనా, లుంగీ మడతల్లో, జేబుల్లో అదే మోత. ఆయన చేతిలోదే అన్నింటికంటే గట్టిగా మోగుతోంది. ఆయన వంతు ఆయనకుంది, ఎవరూ కాదనలేదు; కాకపోతే అది మధ్యాహ్నం మొదలు కాలేదు, ఇప్పుడే మొదలైంది, కాసేపట్లో ముగుస్తుంది కూడా. అది ముగిసే వేళకు రావడానికి తర్వాతివాళ్లు అప్పుడే పారలు భుజాన వేసుకుంటున్నారు. దొరైసామికి సంగతి తెలిసింది. తెలిసి, అమ్మకు ఇంకొంచెం పోనిస్తే బాగుంటుందేమోనని నసిగాడు. కడమడలో భూమి ఉన్న రాజేంద్రన్ అనే రైతు, ఏ సమావేశంలోనూ నోరు తెరిచి ఎరగనివాడు, చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగాడు.

"అమ్మే చాలన్నాక మనమెవరం తలైవరే?"

ఇంకేం చెబుతాడు? కాదంటే అమ్మను కాదనాలి. ఆయన తేలు కుట్టిన దొంగలా, అమ్మ మడికి నీళ్లు ఆపి తన తోట వైపు కట్ట తెంచమని తోట మనిషికి సైగ చేశాడు.

ఆ తర్వాత నందకుమార్ ఫోన్ చేసి చిక్కు వీడిందా అని అడిగాడు. ఒక వరుస తీసినందుకు పడిందనీ, మళ్లీ పెట్టాననీ వసంత్ చెప్పాడు. నిజానికి పట్టీ తెరిచే పని ఇప్పుడు వేరే వరుసది. చెన్నమ్మ వరుస తీసేసినా యాప్ నిక్షేపంగా నడుస్తుంది, అది వసంత్‌కు తెలుసు. తెలిసే, ఆ వరుస నెత్తిన దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని రాసిపెట్టాడు. నందకుమార్ ఆశ్చర్యపోలేదు. తమ కంపెనీలోనూ అలాంటి వరుసలు కొన్ని ఉన్నాయనీ, అవేం చేస్తాయో ఎవరికీ తెలియదనీ, పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా వాటి జోలికి పోరనీ చెప్పాడు.

చివరి రోజు మధ్యాహ్నం అవ్వా మనవడూ కడమడ గట్టు మీద నిలబడ్డారు. కాలువ పగుళ్లలోకి మొదట తడి వచ్చింది, ఆ వెనక నురగ వచ్చింది, ఆ వెనక నీళ్లు వచ్చాయి. అవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపి తోటలోకి దిగింది. వెనకాలే వసంత్ కూడా దిగాడు. గురువారం నుంచి మనసులో ఉన్నది అప్పుడు అడిగాడు: ఆ రోజు అమ్మ మడి కొలిచి రమ్మన్నది ఇందుకేనా అని. ఆమె వంగి పాదులోని ఎండు మట్టను పక్కకు లాగింది. ఎండి నెర్రెలిచ్చిన మొదటి పాదు చుట్టూ నీళ్లు తిరిగేదాకా చూసింది.

"అల్లునికి అత్త ఎదురు మాట్లాడరాదు సామీ" అంది. "అమ్మకు అల్లుడెవుడు?"

వంతు మొదలైందని అప్పుడు ఆమె బొడ్లో ఫోన్ మోగింది. ఆమె దాన్ని తీసి ఆపమని మనవడి చేతికిచ్చి, చెట్టు చెట్టుకూ నడుస్తూ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. మొదటి చెట్టు పేరు చెన్నమ్మ కాదు. అది పోయిన తన మొగుడి పేరు. బతికున్నన్నాళ్లూ, పోయాక కూడా, ఆమె ఎవరి ముందూ పలకని పేరు అది. వసంత్ ఫోన్ మోతను ఆపేసి, వినిపించనట్టు కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు.